మునెమ్మక్క పెట్టిన ప్లయర్ పరీక్ష

నిన్న మా షెడ్డులో రేకుల కప్పు టంగుమని మోగింది. ఆ చప్పుడు వినగానే నా తల దానంతట అదే కిందికి వంగింది. కొత్తగా పనిలో చేరిన గోవిందన్న చేతిలోంచి లాక్ ఎగిరిపోయింది. గేరు పెట్టెలో బేరింగు పక్కకు జారకుండా పట్టి ఉంచే చిన్న ఉక్కు రింగును మా పనిలో లాక్ అంటాం. దాన్ని సాగదీసి విప్పే సన్న మొనల పనిముట్టు లాక్ ప్లయర్. అందరూ నేల మీద పడి లాక్ వెతుకుతుంటే నాకు నవ్వు ఆగలేదు. మునెమ్మక్క ఇక్కడుంటే లాక్ సంగతి తర్వాత, ముందు ఆ ప్లయర్ తెమ్మనేది.

మునెమ్మక్కకు పాకాలలో ఆటోలు బాగుచేసే షెడ్డు ఉండేది. కుట్టుమిషన్లు రిపేరు చేసి చేసి విసుగెత్తిన నేను, పెళ్ళైన కొత్తలో ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి చేరాను. గట్టి మనిషి, అంతకన్నా గట్టి గొంతు. ఎడమ కంటికి చూపు లేదు. ఏమైందని నేను ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. అక్క దాచుకునే రకం కాదు.

"నాసిరకం ప్లయర్ ఒకటి కొనినాను మే. లాక్ తెరస్తా ఉంటే దాని మొన వంగిపొయ్యింది. లాక్ ఎగిరొచ్చి సక్కంగా ఈడ తగిలింది," అని కన్ను చూపించి, "ఇంకో కన్ను ఉండాది గదా, నీ మీద నిఘా పెట్టేదానికి అది సాలు," అంటూ పకపకా నవ్వింది.

పనిముట్లు కొనాలంటే నన్ను వెంటబెట్టుకుని తిరుపతికి బస్సెక్కేది. కొంగు చివర ఒక పాత లాక్ ముడివేసుకుని వచ్చేది. అంగట్లో ప్లయర్ పిడి ఒకటి పట్టుకుని రెండోది ఊపి చూసేది. కీలు దగ్గర కాస్త లొడలొడలాడినా పక్కన పడేసేది. మొనలు రెండూ సమంగా ఉన్నాయా, లాక్ రెండు చివర్లా ఉండే చిన్న చిల్లుల్లో బిగువుగా కూర్చుంటున్నాయా అని వెలుతురుకు పెట్టి చూసేది. ఇదంతా అయ్యాక, కొంగు ముడి విప్పి లాక్ తగిలించి అంగడాయన ముఖానికి ఎదురుగా పట్టేది.

"నీ సరుకు అంత మంచిదైతే నిలబడప్పా, తెరిసి సూపిస్తా."

ఆయన గోడకు తగిలించిన క్యాలెండరు దాకా వెనక్కి నడిచి, "నీకు దండం పెడతా అక్కా, లోపల వేరేది ఉండాది, తెస్తానుండు," అనేవాడు. మంచివి అప్పుడు బయటికొచ్చేవి. తిరుగు బస్సులో అక్క ఆయన ముఖం పెట్టి చూపిస్తుంటే, నవ్వలేక నాకు కడుపు నొప్పి పుట్టేది.

నాకు చిత్తూరులో, మా పుట్టింటి వీధిలో, సొంత షెడ్డు పెట్టాలని ఉండేది. చోటు కూడా దొరికింది. త్వరగా చెప్పకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. కానీ అక్క సరేననకుండా పెట్టే ధైర్యం నాకు లేదు. అడిగినప్పుడల్లా ఒకటే మాట: "నీ ప్లయర్ నువ్వే ఏరుకో. ఆ పొద్దు సెప్తా."

సరే, ఏరుకోవడానికే వెళ్ళాం. తళతళలాడే దాన్ని మొదటే పక్కన పెట్టాను. దాని మొన ఒకటి పొట్టిగా ఉంది. మసక రంగుదాన్ని తీసుకున్నాను. మొదలు దగ్గర లావైన మొనలు, కదలని కీలు, నూనె చేతికి కూడా జారని పిడి. అక్క దాన్ని అందుకుని ఊపి చూసింది. కొంగులోని లాక్ తగిలించి నా చేతికిచ్చి, తన ముఖాన్ని తెచ్చి దానికి ఎదురుగా పెట్టింది. ఆ ఉన్న ఒక్క కన్నూ పెద్దదిగా తెరిచి.

"తెరువు మే."

అంగడాయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"ఏం, నువ్వు ఏరినదాని మీద నీకే నమ్మకం లేదా? షెడ్డు వద్దా?"

నమ్మకం ఉంది. షెడ్డు కావాలి. పిడి మీద కాస్త ఒత్తితే చాలు. ప్లయర్‌ను బల్ల మీద పెట్టేశాను.

"ఎంత మంచిదైనా సరే, నీ కంటికి ఎదురుగా నేను తెరవనక్కా. షెడ్డు పోతే పోనీ." నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి.

అక్క ముఖం వెనక్కి తీసుకుని, పక్క అంగళ్ళవాళ్ళు తొంగి చూసేంత గట్టిగా నవ్వింది. "పో మే, పోయి షెడ్డు పెట్టుకో. మంచి ప్లయర్ ఏరేది ఎవురికైనా వస్తాది. దాన్ని యా పక్కకు తిప్పకూడదో తెలిసుండల్ల." అని ఆ పాత లాక్‌ను తన చేతులతోనే నా కొంగున ముడివేసింది. అంత సంతోషంగా నేను పెళ్ళిలో కూడా లేను.

అక్క ఇప్పుడు గూడూరులో కూతురి దగ్గర ఉంటోంది. ఫోను చేస్తే వ్యాపారం ఎలా ఉందని అడగదు. "కండ్లు బాగుండాయా మే, అందురివీ?" అంటుంది.

నిన్నటి లాక్ నూనె డబ్బా వెనక దొరికింది. గోవిందన్న ప్లయర్ చూశాను. మొన వంగి ఉంది. దాన్ని పాత ఇనుములో పడేసి నాది ఇచ్చాను. ఆయన నాకు ఎదురుగానే నిలబడి లాక్ తగిలించుకున్నాడు. మణికట్టు పట్టుకుని ఆయన చేతిని మెల్లగా గోడ వైపు తిప్పాను.

"ఇప్పుడు తెరువన్నా," అన్నాను.