మూసే గుర్తుకు ముందు

శశికళ మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతుంది. అలిగీ కాదు, మరిచిపోయీ కాదు. వాక్యం సగంలో ఉండగా కిటికీ వైపు చూస్తుంది. హోసూరు రోడ్డు మీద మెట్రో రైలు చప్పుడు లేకుండా జారిపోతుంటే అది కనుమరుగయ్యేదాకా చూసి, అప్పుడు మిగతా సగం చెబుతుంది. ఎలక్ట్రానిక్ సిటీలో మా ఆఫీసు. ఆమె పక్క సీటు నాది. నాకసలే ఓపిక తక్కువ. ఆమె మాటలు నేనే పూర్తి చేసేస్తుంటాను, చాలాసార్లు తప్పుగా.

నేనంటే పరాయిదాన్ని. కట్టుకున్న మొగుడు మల్లికార్జున్‌దీ అదే వరస. నగర్తపేటలో బట్టల కొట్టు అతనిది, బేరం చటుక్కున తెంచే మనిషి. ఒక ఆదివారం వాళ్ళింటికి చుట్టాలొచ్చారు. అతని పెద్దమ్మ రత్నమ్మ, "ఉద్యోగం మానే సంగతి ఏమనుకున్న్యావమ్మా?" అని అడిగింది.

"మానేస్తా..." అని శశికళ ఆగింది. "...నని మాత్రం అనుకోవద్దండి" అన్నది లోపలే ఉండిపోయింది.

"విన్న్యారా, మానేస్తాదంట!" అని మల్లికార్జున్ చప్పట్లు కొట్టాడు. మైసూరుపాకు పంచారు.

తెలుగులో అవునో కాదో వాక్యం చివరికి గానీ తేలదు. ఆ మాత్రం ఆగలేనివాడు తెలుగు పిల్లను చేసుకోవడమెందుకని, ఆమె చెప్పగా విన్న నాకు ఒళ్ళు మండిపోయింది. మరునాడు "రాజీనామా ఎప్పుడిస్తావు?" అని అతనడిగితే, ఆమె బ్యాగు సర్దుకుని నా గదికి వచ్చేసింది.

ఆ వారం ఆమె చేతిలో ఒక చిక్కు పని ఉంది. ఫ్యాక్టరీలవాళ్ళు తమ యంత్రాల గురించి తామే రాసుకుని, తామే దిద్దుకునే వికీ పేజీలుంటాయి. వాటిని నడిపే ప్రోగ్రామ్ మాది. అందులో ఒక మాటను జంట బ్రాకెట్ల మధ్య పెడితే లింకు అవుతుంది. ఆ మాటలోనే బ్రాకెట్ రాయాల్సి వస్తే దాని ముందు చిన్న అలలాంటి గుర్తు పెట్టాలి. ఇది ముగింపు కాదు, మామూలు అక్షరమే అని దానర్థం. మా ప్రోగ్రామ్ తెరిచే బ్రాకెట్ దగ్గర ఆ గుర్తును గౌరవించేది. మూసే బ్రాకెట్ దగ్గర మాత్రం చూసేది కాదు, టక్కున మూసేసేది. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ పేజీల్లో లింకులు సగంలో తెగి, మిగతా మాటలు బయట వేలాడుతున్నాయి.

మధ్యాహ్నం తుంపర పడుతోంది. శశికళ తెర మీది ఆ అల గుర్తును చూస్తూ కూర్చుంది, ఏట్లో కాళ్ళు పెట్టుకున్న మనిషిలా. ఆమెను చూస్తుంటే నాకూ నిద్రా కలా కానిదేదో కమ్ముకొచ్చింది.

"మూసే గుర్తు కనబడితే చాలు గీతా, మూసేస్తాది. దాని ముందర ఏముండాదో చూడదు."

"ఎవరు, ప్రోగ్రామా, మల్లికార్జునా?" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. కళ్ళు నిండాయి. "నేను వెనక్కి పోకుంటే కాపురం పాయె. పోతే..." అని ఆగింది. మొదటిసారి నేను నోరు మూసుకున్నాను. "పోతే, నేను అనని మాట నాదైపోతాది."

నా కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

ప్రోగ్రామ్‌లో ఆమె సరిచేసింది కొంచెమే. అల గుర్తు కనబడితే దాని వెనకాలి అక్షరాన్ని అలాగే ఉంచి ముందుకు పొమ్మంది. అసలు ముగింపు వచ్చేదాకా చదువుతూనే ఉండమంది. తెగిన లింకులన్నీ అతుక్కున్నాయి.

సాయంత్రం కిందికి దిగితే గేటు దగ్గర మల్లికార్జున్, బండి మీద. గడ్డం పెరిగి ఉంది.

"ఇంటికి పోదాం రా, శశీ."

"నాకు నీ మీద కోపం లేదు..." అని శశికళ ఆగింది.

కంపెనీ బస్సులు తుంపరలో ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదులుతున్నాయి. ఆమె వాటినే చూస్తోంది. అతని పెదవి కదిలింది. నా నాలుక దురదపెట్టింది. కానీ అతను పెదవి బిగబట్టుకున్నాడు. ఆమె లేని ఇంట్లో భయపడ్డట్టున్నాడు, పాపం.

"...అని అబద్ధం చెప్పను. ఉద్యోగం నేను మాననప్పా."

మల్లికార్జున్ తలెత్తి చూశాడు. కాసేపాగి, "అయిపోయిందా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు. ఇంకా చానా ఉండాది."

అతను బండికి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, తడిసిన ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు.