మా వదిన మిల్ట్రీ బండి

మా వదిన యాదక్క సిరొంచకు కోడలిగా వచ్చిన ఏడాదే మా అన్న శంకరయ్య నాగపూర్ పక్క కామ్టీలో లష్కరు హర్రాజుకు, అంటే సైన్యం పాత సామాన్ల వేలానికి పోయి పాత డాజ్ ట్రక్కు ఒకటి తెచ్చాడు. పెద్ద యుద్ధం నాటిది. ఆకుపచ్చ రంగంతా వెలిసిపోయి, తలుపు మీద తెల్ల నక్షత్రం మాత్రం మిగిలింది. ఊరంతా దాన్ని మిల్ట్రీ అనేవారు. నాలుగు చక్రాలకూ ఇంజను జోరు అందేది. ఎడ్లబండ్లు దిగబడే బురదలోంచి కూడా ప్రాణహిత ఒడ్డు ఊళ్ల వడ్లు మోసుకొచ్చేది.

వదిన పెళ్లికి ముందు సైకిలు కూడా ఎక్కని మనిషి. అలాంటిది రేడియేటరు కారితే వంటింట్లోంచి పసుపు తెచ్చి అందులో పోసేది. పసుపు సన్నని చిల్లుల్లో చేరి నీళ్లు ఆగేవి. కార్బొరేటరును కిరసనాయిల్లో కడిగాక కొంగుతో తుడవనిచ్చేది కాదు, నోటితో ఊదాల్సిందే. నూలుపోగు ఒక్కటి ఇరుక్కున్నా బండి దగ్గుతుందనేది.

ఎండాకాలం గోదావరి ఇసుకలో అన్న ఆమెకు స్టీరింగు నేర్పాడు. "ఈడ గుద్దుకునేటందుకు చెట్టు గూడ లేదు, తోలు," అన్నాడు. చెట్టయితే లేదు గానీ, ఎవరో ఆరేసుకున్న వలను మొదటి రోజే చక్రాలకు చుట్టుకుని వచ్చింది. ఆ వల చేపలు పట్టే జంగుది. అతను చాలా కాలం ఎదురైనప్పుడల్లా, "యాదక్కా, ఇయ్యాల ఎన్ని చాపలు పడ్డయ్?" అని అడిగేవాడు.

ఎనభైమూడు వానాకాలంలో కామెర్లు అన్నను తీసుకుపోయాయి. బండి పాకలో నిలిచిపోయింది. ఆ తట్టుకు నేను పోలేకపోయేదాన్ని. లోపల మేకుకు అన్న అంగీ వేలాడుతూ ఉండేది. మా బాపు సమ్మయ్యకయితే బండి కళ్లబడితే అన్నం దిగేది కాదు. ఏడాది గడిచి, కోతలు అయ్యాక, తుక్కు కొనేవాడికి కబురు పంపాడు.

వదిన ఆ మాట విని చేతిలోని చేట కింద పెట్టింది.

"మామా, దాన్ని కొయ్యనియ్యకు. నేను తోల్త."

"ఆడమనిషివి, నువ్వేంది తోలుడు? ఏడాదికెల్లి లేవలేదది. సోమారం వాడొస్తడు, కోసుకపోతడు."

"గంతలోపల లేస్తే?"

"దాని కాళ్ల మీద అది కంచె దాటితే ఉండనీ," అన్నాడు బాపు.

ఆ రోజు గురువారం. బండి ఎడమవైపు వెనక చక్రం గాలిపోయి నేలకు కూర్చుంది. దాన్ని విప్పితే తప్ప బండి కదలదు. వదిన బస్సెక్కి అహేరికి పోయి, ఆదివారం పొద్దుటికల్లా భుజంగరావు మిస్త్రీని వెంటబెట్టుకొచ్చింది. అతను నాగపూర్‌లో పని నేర్చాడు. ఇంగ్లీషు అక్షరాలు చదవగలడు.

వదిన చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను కిరసనాయిలు సీసా పట్టుకుని, అంగీ వైపు చూడకుండా నిలబడ్డాను. చక్రానికి ఐదు బోల్టులు. వాటి కొసన చెక్కిన అక్షరాన్ని మిస్త్రీ గుడ్డతో తుడిచి చూశాడు.

"ఎల్. ఎల్ అంటే లెఫ్ట్. ఎడమకు తిప్పుమని కంపెనోడే రాసిండు చూడు చెల్లే."

పానాకు ఇనుప గొట్టం తగిలించి ఎడమకు గుంజాడు. టప్పుమని బోల్టు విరిగింది. "తుప్పు," అన్నాడు. రెండోదీ విరిగింది.

వదిన చాయ్ గ్లాసులతో వచ్చి చూసింది.

"ఎటు తిప్పుతున్నవ్ మిస్త్రీ?"

"ఎడమకు. రాసే ఉన్నది."

"ఆగు, ఆగు! ఆ గుర్తుంటే మర ఉల్టా ఉన్నట్టు. ఈ పక్క చక్రాలకు కుడికి తిప్పితెనే ఊడుతయ్. మా ఇంటాయన ఎన్నిసార్లు ఇప్పలేదు!"

"ఇంగ్లీషు నీకొస్తదా అక్కా, నాకొస్తదా?"

"నాకు రాదు. నట్టుకు గూడ రాదు. జర ఇటియ్యి."

చీర కుచ్చిళ్లు దోపుకుని, గొట్టాన్ని కుడివైపుకు చాచి పెట్టి, దాని మీద కాలేసి ఎక్కి నిలబడింది. నట్టు కిర్రుమని ఒక్క అరుపు అరిచి తిరిగింది. మిగిలిన రెండూ అలాగే చేతికొచ్చాయి.

మిస్త్రీ విరిగిన ముక్కలను చూసుకుంటూ, "చాయ్ జర జల్ది తెచ్చేదుండె అక్కా," అన్నాడు.

ట్యూబుకు అతుకు వేసి, ట్యాంకు కడిగి, మూడు నట్లతోనే చక్రం బిగించారు. బ్యాటరీకి ఇంజను తిప్పే సత్తువ లేదు. ఇక బండి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే.

సోమవారం పొద్దున తుక్కువాడు ఎడ్లబండి మీద ఇనుము కోసే గ్యాసు సిలిండరు వేసుకుని సందులోకి వచ్చాడు. వదిన నన్ను అన్న సీట్లో కూర్చోబెట్టి చోకు గుంజి పట్టుకోమంది. నేను వదలకుండా పట్టుకున్నాను. మిస్త్రీ నాలుగుసార్లు తిప్పాడు, హ్యాండిల్ ఎదురు తన్నింది. అప్పుడు వదిన పట్టుకుంది. ఎదురు తన్నినా విరగకుండా బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే పెట్టుకుని, ఒక్క ఊపున పైకి లాగింది. ఇంజను దగ్గింది, నల్లగా పొగ కక్కింది, ఆ తర్వాత పాక రేకులు అదిరేలా అందుకుంది.

నేను దిగాను, ఆమె ఎక్కింది. ముందు చక్రాల గేరు కూడా వేసింది. ఏడాదిగా నేలలో పాతుకున్న చక్రాలు మట్టి చీల్చుకుని లేచాయి. మిల్ట్రీ కంచె దాటింది.

"ఎడ్లను ఎన్కకు కొట్టు, ఎన్కకు!" అని తుక్కువాడి మీద అరిచింది మా బాపే.

వదిన బండి ఆపలేదు. "ఎక్కు మామా! ఆపితె మళ్ల తిప్పాలె!"

బాపు కండువా భుజాన వేసుకుని పరుగెత్తాడు. అప్పటికే వెనక ఎక్కిన మిస్త్రీ చేయి అందించి గుంజుకున్నాడు. తుక్కువాడు ఎడ్లను సందు చివరిదాకా వెనక్కి నడిపించుకుపోయాడు.

అటునుంచి అటే ప్రాణహిత ఒడ్డుకు వడ్ల కోసం పోయారు. మూడు నట్లే కాబట్టి మిస్త్రీ పది బస్తాలకు మించి వేయనివ్వలేదట. అవి ఎక్కించినంతసేపూ ఇంజను ఆపలేదట. పొద్దు వాలక ముందే తిరిగొచ్చారు. వడ్ల బస్తాల మీద కూర్చుని మా బాపు, దారి ఖాళీగానే ఉన్నా, "పక్కకు జరుగుండ్రి! మా కోడలు తోల్తున్నది!" అని అరుస్తూనే ఉన్నాడు.