ఆయన వేయించిన కుర్చీలు

అరవై దాటాక అక్షరాలు నేర్చాను. అంతకుముందు రాయడం రాదు. వచ్చాక సిగ్గుతో ఇది రాయలేదు.

జనగామ దగ్గర యూనివర్సిటీలో నేను ఊడ్చేదాన్ని. కొత్తగా వచ్చిన ఆంధ్రా ఆఫీసరు, మేం వెళితే లేచి మాకు కుర్చీ జరిపేవాడు. "ఏం కావాలో చెప్పండమ్మా, రాసుకుంటాను" అనేవాడు. ఎండలో సద్ది తినే మాకు గది ఇప్పించి, నల్లా పెట్టించి, కుర్చీలు వేయించాడు.

ఉద్యమం రోజుల్లో మా మేస్త్రి కాగితం తెచ్చాడు.

"ఆంధ్రోడు మనల్ని కుక్కల లెక్క చూస్తుండని రాసినం. ఏలిముద్ర ఎయ్యక్కా."

"గాయన గట్ల చూడలే గదరా?"

"తెలంగాణ వద్దా నీకు?"

వేశాను.

ఆ కాగితం వల్ల బదిలీ అయిన రోజు ఆయన నన్ను పిలిచి, లేచి కుర్చీ జరిపి, అదే కాగితం చూపించాడు. "ఈ వేలిముద్ర మీదేనా అమ్మా?"

"నాకు సదువు రాదు సారూ. అండ్ల ఏం రాసిన్రో ఎరుకలేదు."

మరునాడు పొద్దున మా గది తాళం తీసి, కుర్చీలన్నీ తుడిచి, నేల మీద కూర్చుని సద్ది తిన్నాను.