గుడ్లకు జ్వరమొచ్చిందనుకున్నాను

నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు అక్షరాలు రావు, అంకెలొచ్చు. బస్సు నంబరు చూసి ఎక్కగలను. మధ్యలో తన గొప్ప తాను కలిపి రాసుకుంటే ఆ పాపం తనదే.

మాకో చుక్కల పెట్ట ఉండేది. మా ఆయన పోయే ముందటేడు గజపతినగరం సంతలో కొని, చంకలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. దారంతా కండక్టరుతో తగువే. ఆయన పోయాక ఇంట్లో నాతో సమానంగా నోరున్నది ఆ పెట్ట ఒక్కటే. మొన్న పుష్యంలో దాన్ని పదకొండు గుడ్ల మీద పొదగేశాను. మర్నాడే మేతకని గంప దిగి వీధికుక్క నోట పడింది. ఈకలు మిగిలాయి. గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అవి తప్ప దాని జాతి మా ఇంట్లో మరి లేదు. ఆ చలికి ఇరుగుపొరుగున ఏ పెట్టా పొదుగు మీద లేదు.

"ఏడవకత్తా, బల్బెట్టి పొదిగిద్దాం. ఫోన్లో సూసినాను," అంది కోడలు.

"బల్బుకి రెక్కలున్నాయేటే?"

మా వీధిలో చేపలమ్మే ఆమె ఉంది, నన్ను అక్క వరసలో అప్పా అని పిలుస్తుంది. ఐసు చేపలొచ్చే థర్మకోలు పెట్టె ఆమే ఇచ్చింది. మూడుసార్లు కడిగినా కవళ్ల చేపల వాసన పోలేదు.

"కోడిపిల్లలొస్తాయో కవళ్లొస్తాయో సూసుకో అప్పా," అని నవ్వింది.

పెట్టెలో బల్బు, గిన్నెలో నీళ్లు, వేడిని అంకెల్లో చూపించే చిన్న మీటరు. గుడ్లకు ఒక వైపు బొగ్గుతో గీత పెట్టి, పూటపూటా తిప్పడం నా పని. అందరికీ కనబడాలని కోడలు పెట్టెను ముందు గదిలో టీవీ కింద పెట్టింది.

రెండో రోజు పొద్దున్న తను కుట్టుపనికి వెళ్లాక మీటరు చూశాను. ఒకటి, పక్కన రెండు సున్నాలు. నూరు! జ్వరాల రోజుల్లో ఆశా వర్కరు ఇంటింటికీ వచ్చి చెప్పింది కదా, నూరు దాటితే జ్వరమే, తడిగుడ్డ వెయ్యండని. తల్లి లేని గుడ్లు, ఒళ్లు కాలిపోతోంది పాపం అనుకున్నాను. బల్బు ఆపాను. మూత తీసి తడిగుడ్డ కప్పాను. చాలదేమోనని విసనకర్రతో విసిరాను కూడా. అంకె ఎనభైకి దిగాక హమ్మయ్య అనుకుని గంజి తాగాను.

కోడలు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటి సేసినావత్తా?"

"జొరం దించినాను."

"ఓలమ్మో! గుడ్డుకి నూరుండాల! కోడి ఒళ్లు అంతకంటే ఏడిగుంటాది. నువ్వు ఆటికి సన్నిపాతం తెప్పించినావు!"

కోడలు తిడుతుంటే నేను ఎదురు మాట్లాడనిది ఆ ఒక్క రోజే. ఈ ముక్క మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాస్తోంది చూడండి.

మళ్లీ బల్బు వేశాం. అయినా అంకె నిలవదు. పొద్దున్న వీధి తలుపు తీస్తే ఉత్తరపు గాలి కొట్టి తొంభై నాలుగు. మధ్యాహ్నం శ్లాబు కాలి నూట రెండు. అదే బల్బు, అదే పెట్టె. తప్పు గదిదని అప్పుడు తెలిసింది. పెట్టయితే చలేసినప్పుడు బిగిసి కూర్చుంటుంది, ఉక్కపోస్తే లేచి రెక్కలు విప్పుతుంది. బల్బుకు ఆ బుద్ధి లేదు. అది గుడ్లను కాచడం మానేసి మా ముందు గదిని కాస్తోంది.

పెట్టెను వంటగదిలోకి మార్చాను. అక్కడ గాలి రాదు, పొయ్యి వెనక గోడ పొద్దున్నా సాయంత్రమూ ఒకేలా వెచ్చగా ఉంటుంది. చుట్టూ గోనెసంచి కట్టాను. అదీ చాలకపోతే ట్రంకుపెట్టె తెరిచి మా ఆయన పొందూరు పంచె తీశాను. పెళ్లిళ్లకు తప్ప కట్టేవాడు కాదు, నన్ను ఉతకనిచ్చేవాడు కూడా కాదు. గాలి కన్నాలు వదిలి దాన్ని చుట్టాను. అంకె నూరు దగ్గర కుదురుకుంది. చూసినప్పుడల్లా నా చెయ్యి తడిగుడ్డ మీదికే పోయేది.

ఇరవయ్యొకటో రోజు కూర్చుని చూశాను. ఏమీ లేదు. మర్నాడూ లేదు.

"మురిగిపోయుంటాయి అప్పా. పారీ. నా పెట్టి నాకిచ్చీ, సేపలకి కావాల," అంది చేపలామె.

"నాను సలి పెట్టినాను కదే, ఆటికి లెక్క తప్పినాది. ఆగు."

పైకి అలా అన్నాను గానీ, ఆమె వెళ్లగానే మళ్లీ మీటరు దగ్గర కూర్చున్నాను. కుక్క తిన్నది ఒక్క పెట్టనే. ఇవి పోతే జాతంతా నా తడిగుడ్డతో పోయినట్టే కదా.

ఇరవై మూడో రోజు చింతపండు పిసుకుతుంటే పెట్టెలో టక్కుమంది. చేతులు తుడుచుకుని ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపలి నుంచి కీచుమంటోంది. నోరు కూడా తల్లిదే!

సాయంత్రానికి ఏడు పిల్లలు పైకొచ్చాయి. మొదటిదాన్ని ఒళ్లు ఆరాక తీసి పంచె కొంగు మీద నిలబెడితే, నన్నొకసారి చూసి అక్కడే రెట్ట వేసింది. ఆయనుంటే ఇల్లెగిరేలా అరిచేవాడు.

"పంచె ఉతికీమంటావా అత్తా?" అంది కోడలు.

"ఉండనీయే. ఆరనీ."