తుంటి మీది చుక్క

మా వదిన మనుషుల నడకను కొలిచే ఉద్యోగం చేసింది. ఆసుపత్రి రెండో అంతస్తులో పొడవాటి గది, గోడల మీద చుట్టూ పది కెమెరాలు. వచ్చినవాళ్ల తుంటికీ మోకాళ్లకీ మడమలకీ మెరిసే చిన్న ఉండలు అతికించి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేది.

ఆ కెమెరాలను రెండు రకాలుగా పెట్టవచ్చు. బొమ్మలో పెడితే మనిషి మనిషిలాగే కనిపిస్తాడు కానీ కంప్యూటర్‌కు ఆయాసం వస్తుంది. చుక్కల్లో పెడితే మెరిసే ప్రతి మచ్చకూ నడిమధ్యను కెమెరాయే లెక్కగట్టి, నల్లని తెర మీద ఒక తెల్లని చుక్కగా పంపుతుంది. కొలతలన్నీ చుక్కలతోనే. "చుక్కలకి వయసుండదు, సిగ్గుండదు మరిదీ" అనేది వదిన.

ముందు కాసేపు బొమ్మలో చూసుకుని, తర్వాతే చుక్కల్లోకి మారాలి. ఒకరోజు బయట జనం ఎక్కువై, వదిన ఆ మొదటిపని ఎగ్గొట్టింది. అప్పుడు నడిచినావిడ ఒక బస్సు కండక్టరు. తుంటి నొప్పి. ఎక్స్‌రేలో ఎటూ తేలలేదు, ఈ కొలతే తేల్చాలి. తెర మీద కుడి తుంటి చుక్క అడుగడుక్కీ పక్కకి గుంజుకుంది. డాక్టరు ఆపరేషన్ రాసేశాడు.

మూడో రోజు కాగితాల కోసం వచ్చి, కండక్టరు బల్ల మీద కూలబడింది.

"తొడ ఎముక కోసి తిప్పుతారట. ఆరు నెలలు నిలబడకూడదట. ఇంక నేను కండక్టర్నేంటమ్మా, టికెట్ లేని ప్యాసింజర్ని!"

వదిన ఏదో సర్దిచెప్పి పంపింది. వరండాలో వెళ్తున్న ఆమెనే చూస్తూ నిలబడిపోయింది. ఆమె కుడిచెయ్యి తుంటి దగ్గర ఆడుతోంది. ఇరవై ఏళ్లు టికెట్ల సంచి పట్టుకున్న చెయ్యి, సంచి లేకపోయినా పట్టుకునే ఉంది. వేలికి పలక వెండి ఉంగరం.

"అక్కా, ఆగు! ఒక్కసారి లోపలికి రా."

మళ్లీ ఉండలు అతికించి, కెమెరాలను బొమ్మలో పెట్టింది. అడుగు పడ్డప్పుడల్లా ఉంగరం తుంటి ఉండ పక్కకొచ్చి దానంతగానూ మెరిసింది. రెండు మెరుపులూ కలిసి ఒకటే మచ్చ. కెమెరా దాని నడిమధ్యను పట్టుకుని, అదే తుంటి అనుకుంది.

ఉంగరం ఊడిరాలేదు. మెరవకుండా దానికి ప్లాస్టరు చుట్టి, చుక్కల్లోకి మార్చి నడిపించింది. చుక్క దారం లాగినట్టు తిన్నగా వెళ్లింది.

వదిన పాత కొలతా కొత్త కొలతా ఉన్న రెండు కాగితాలూ పట్టుకుని డాక్టరు గదికి వెళ్లి "తప్పు నాది సార్" అంది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"రేపు పొద్దున్న కోసేవాణ్ణమ్మా" అన్నాడు మెల్లగా. ఆపరేషన్ కాగితం అడ్డంగా కొట్టేసి, నొప్పి నడుము నుంచే వస్తోందని దానికి వ్యాయామం రాశాడు.

సంగతంతా విన్నాక కండక్టరు కళ్లు తుడుచుకుంది.

"మూడు రోజులు నా ప్రాణాలు తోడేశావు కదమ్మా! కడిగేద్దామనుకుంటే నోరు నవ్వేస్తోంది, ఏం చెయ్యను?"

"తిట్టు అక్కా, తిట్టించుకుంటాను" అంది వదిన, ఆమె పక్కనే కూర్చుంటూ.

"ఇప్పుడు కాదులే. డ్యూటీకి టైమవుతోంది."