సుగుణక్క పోసిన తలంబ్రాలు

చింతపండు పిసుకుతుంటే కుడిచేతి బొటనవేలి గోటి సందు చురుక్కుమంది. శ్రీరామనవమి ముందు నాకు ప్రతి ఏడూ ఇంతే. వడ్లను రోట్లో దంచకుండా, మిల్లుకు వేయకుండా, ఒక్కొక్క గింజనే గోటితో ఒలిచి భద్రాచలం కల్యాణానికి తలంబ్రాలుగా పంపడం మా వైపు ఆడవాళ్ల అలవాటు. ఇప్పుడు నేనుంటున్న ఖమ్మం అపార్ట్‌మెంటులో దీనికొక వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. ఒలిచిన బియ్యం కంటే ఒలుస్తున్న ఫోటోలే అందులో ఎక్కువ. గోరు మండినప్పుడల్లా నాకు సుగుణక్క గుర్తొస్తుంది. ఈ పని నాకు నేర్పింది ఆవిడే. దేవుడి దగ్గరికి ఎలా వెళ్లాలో నేర్పిందీ ఆవిడే అంటే మాత్రం నవ్వేసి ఉండేది.

మధిర దగ్గర పల్లె నుంచి పెళ్లయి మణుగూరు బొగ్గుగని క్వార్టర్లకు వచ్చిన కొత్తలో అక్కడి మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. పక్క క్వార్టర్ సుగుణక్కది. కరీంనగర్ వైపు నుంచి గనిలో పనికని వచ్చి స్థిరపడిన కుటుంబం, భర్త పంప్ ఆపరేటర్. నవమికి నెల ముందు నుంచీ మధ్యాహ్నాలు మా క్వార్టర్ల వరసలోని ఆడవాళ్లంతా ఆవిడ వరండాలో చేరేవారు. రామనామం చెప్పుకుంటూ ఒలవాలన్నది నియమం. రెండు నామాల మధ్య కోడళ్ల సంగతులూ కూరగాయల ధరలూ దొర్లుతూనే ఉండేవి. ఆవిడ అడ్డుచెప్పేది కాదు. గింజ విరిగితే మాత్రం ఊరుకునేది కాదు. మొదటిరోజు నేను ఒలిచినవాటిలో సగం నూకలే. నా పళ్లెం వంచి చూసి, "ఏంది పిల్లా, రాములోరికి పెండ్లి చేస్తున్నవా, ఉప్మా చేస్తున్నవా?" అంది. అందరూ నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. అది చూసి నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గింజను మొన వైపు నుంచి ఎలా గిల్లాలో చూపించింది.

ఒలిచిన బియ్యం మూట తీసుకుని అందరం నడిచే వెళ్లేవాళ్లం. అశ్వాపురం మీదుగా సారపాక, అక్కడ గోదావరి వంతెన దాటితే భద్రాచలం. చెట్లున్నంత మేర హాయిగానే ఉండేది, ఆ తర్వాత లారీల దుమ్మూ ఎండా. ఇంత కష్టపడి వెళ్లి, తలంబ్రాలు అప్పగించి, దర్శనం చేసుకుని, కల్యాణం చూడకుండానే సుగుణక్క బస్సెక్కేది. అదేం భక్తో నాకు అంతుపట్టేది కాదు. అడిగితే, "గా ఎండల, గంత దూరం కెళ్లి ఏం కనబడతది? టీవీల సీతమ్మ ముక్కుపుడక గూడ కనబడతది" అంది. నవమి రోజు పానకం గ్లాసు పట్టుకుని, కాళ్లు చాపుకుని టీవీ ముందు కూర్చునేది. తలంబ్రాలు పోసే వేళకు మాత్రం లేచి నిలబడేది.

ఒక వానాకాలం వాళ్లాయన గుండెపోటుతో పోయాడు. ఆ ఉద్యోగం కొడుక్కు వచ్చింది కాబట్టి క్వార్టర్ నిలిచింది. వేసవి మొదట్లో, మా వరసలో పెద్దదైన అనసూయమ్మ నా దగ్గరికొచ్చి, ఈసారి వడ్లు మీ ఇంట్లో ఒలుద్దామంది. పెళ్లి బియ్యం కదా, ముత్తయిదువల చేతుల మీదుగా పోవాలంది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, సుగుణక్క దుఃఖంలో ఉన్నన్నాళ్లూ ఆ ఇంటికి అన్నం పంపింది ఆవిడే. పక్కింటిదాన్ని కాబట్టి కబురు చెప్పే పని నా మీద పడింది. పేరంటాలకు పిలవడం అప్పటికే మానేశారు. ఇది కూడా పోతే సుగుణక్క గడప ఎవరూ తొక్కరని నాకు తెలుసు. చాలా బాధపడుతూనే చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతున్న ఆవిడ తలెత్తలేదు. "అవ్, మీ వరండాల ఎలుతురు మంచిగుంటది" అని ఊరుకుంది.

ఆ నెలంతా తన వరండాలో తనొక్కతే కూర్చుని ఒలిచింది. మధ్యలో ఉన్నది నడుమెత్తు గోడే. అటు నుంచి ఆవిడ రామనామం వినబడుతుంటే ఇటు మా కబుర్లు తగ్గిపోయాయి. మూట కట్టే రోజు మా ఇంట్లో తెల్లగుడ్డ పరిచి అందరి బియ్యం రాశిగా పోశాం. అప్పుడు సుగుణక్క స్టీలు డబ్బాతో లోపలికి వచ్చింది. రమ్మన్నవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు. వంగి డబ్బాలోని బియ్యం ఆ రాశి మీద పోసి, అరచేత్తో బాగా కలిపేసింది.

"దీంట్ల నా గింజలేవో ఏరి పక్కకు పెట్టుండ్రి. తీస్కొని పోత" అంది.

గొంతు పెంచలేదు. మేమంతా రాశి వంక చూశాం. ఎక్కడా నూక లేదు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒలవడం మా అందరికీ నేర్పింది ఆవిడే మరి. అనసూయమ్మ గుడ్డ కొసలు ముడివేసింది.

ఆ ఏడు కూడా సుగుణక్క నడిచింది, అందరి కంటే వెనక, నాతోపాటు. ఆవిడ ధైర్యానికి నేను పొంగిపోతూ ఉన్నాను. వంతెన మధ్యకు వచ్చాక రెయిలింగు పట్టుకుని ఆగింది. "మస్తు భయమైంది పిల్లా" అంది. "నిజంగ ఏరుతరేమో అనుకున్న." అప్పుడు ఏడ్చింది. నేను నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను. గుడిలో మా మూట విప్పి మిగతా ఊళ్ల బియ్యంతో కలిపేశారు, ఎవరు ఒలిచారని అడిగినవాళ్లు లేరు.

దాంతో అందరూ మారిపోయారని చెప్పను. మరుసటి ఏడు అనసూయమ్మ తన వాళ్లతో వేరే కూర్చుంది, మిగతావాళ్లం సుగుణక్క వరండాకు వెళ్లాం. తర్వాత కొడుకు బదిలీ మీద ఆవిడ వెళ్లిపోయింది. అక్కడెక్కడో జ్వరం వచ్చి చనిపోయిందని ఆలస్యంగా తెలిసింది.

మా ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఈసారి వడ్లు పంచుతూ వచ్చిన అమ్మాయి నా గుమ్మం ముందు ఆగి, ఏం చేయాలో తోచక పక్క ఫ్లాట్ వైపు తిరిగింది. నేను పళ్లెం పట్టుకుని వరండాలోకి వెళ్లి, "నాకూ పొయ్యమ్మా" అన్నాను. గొంతు వణికింది, పళ్లెం కూడా. వణకనీ అనుకున్నాను. సుగుణక్కకు కూడా భయమేసిందని ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.