మా పక్కింటి డిఫెండర్ మోకాలు

మంగళవారం మధ్యాహ్నం మా ఆవిడ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "పక్కింటాయన పోయారండీ" అంది. ఆమె అక్కడ నర్సు. నేను వ్యాను నడుపుతాను. ఎనిమిదో క్లాసుతోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, రాయడం నా పని కాదు. కానీ మన తెలుగు సంఘం పత్రికలో ఆయన గురించి రాసే దిక్కు ఇంకెవరూ లేరు. ఆయన ఆడిన క్లబ్బుకి కబురు చెబితే, ఫోన్ ఎత్తినవాడు "ఎవరూ?" అన్నాడు.

ఎవరంటే, కొరియాలో జీతానికి ఫుట్‌బాల్ ఆడి, వయసైపోయిందని వాళ్లు పంపేస్తే, ఇంకో నాలుగేళ్లు ఆడగలనని సిడ్నీ వచ్చిన డిఫెండర్. ఇక్కడ ఆ ఆటని సాకర్ అంటారు. చూసేవాళ్లు తక్కువ, తిట్టేవాళ్లు ఎక్కువ. పగలు ఫ్యాక్టరీలో కోళ్లు కోసి, సాయంత్రం ప్రాక్టీసుకి పోయేవాడు. హారిస్ పార్క్‌లో మా పక్క ఫ్లాటు.

మొదటి రోజే నా వయసు అడిగాడు. వాళ్లలో అది తేలందే మాట ముందుకు సాగదట. పెద్దవాడైతే నడుం వంచాలి, చిన్నవాడైతే పని చెప్పొచ్చు. ఆయనకి ముప్పై అయిదు. నా బట్టతల నిమురుకుంటూ "నలభై అయిదు" అన్నాను. ఇక చూడండి నా వైభోగం! గుమ్మంలో కనిపిస్తే వంగేవాడు, టీ కప్పు రెండు చేతులతో ఇచ్చేవాడు, నేను కూర్చునేదాకా కూర్చునేవాడు కాదు. ఆయన్ని లేపడానికే నేను ఊరికే బాల్కనీలోకి వచ్చి పోతుండేవాణ్ణి. 'అన్నా' అని పిలవడం కూడా నేర్పాను. ఇద్దరిదీ కుంటి ఇంగ్లీషే కాబట్టి జోడీ కుదిరింది. మా ఆవకాయ తిని, "మా కిమ్చీ అన్న, ఇది తమ్ముడు" అని తేల్చాడు. ఊరగాయక్కూడా వయసు చూడాల్సిందే.

ఆదివారం ఆటకి నేనూ వెళ్లేవాణ్ణి. పొద్దున్నే బూట్లు అద్దంలా తుడిచి, అయిదు నిమిషాల్లో బురదలో ముంచేవాడు. జనం "ఏయ్ చైనా, ఇంటికి పో!" అని అరిచేవాళ్లు. "చైనా కాదు, కొరియా!" అని నేను అరిస్తే, "నువ్వెవడివి, వాడి టాక్సీవాడివా?" అని నవ్వేవాళ్లు. ఆయన తల తిప్పేవాడు కాదు.

రెండో సీజన్ చివర్లో మోకాలు బూరెలా పొంగింది. మా ఆవిడ నొక్కి చూసి, "దీంతో మెట్లు దిగడమే ఎక్కువ. ఈ ఆదివారం ఫైనల్ ఆడారంటే ఇక ఆట ఉండదు" అంది. నావైపు తిరిగి, "పెద్దవారు కదా మీరు! చెప్పండి" అని దెప్పింది.

"ఆడొద్దయ్యా. అన్నగా చెప్తున్నా. నొప్పి అని కోచ్‌కి చెప్పు."

లేచి నిలబడ్డాడు. "అన్నా, మీ మాట వింటాను. కానీ కోచ్ అడిగితే ఓకే అనాలి. స్కూలు టీమ్ నుంచీ అంతే. నొప్పి అన్నవాడికి మళ్లీ ఆట ఇవ్వరు."

"ఇది ఆస్ట్రేలియా! ఇక్కడ తుమ్మొస్తే సిక్ లీవ్ పెడతారు."

"కోచ్ కోచే, అన్నా."

ఆదివారం మైదానం గీత పక్కనే ఉన్నాను. కోచ్ ఆ మోకాలి కట్టు చూసి, "యూ రైట్, మేట్?" అని, బాగున్నావా అన్నట్టు అడిగాడు. మనవాడు మిలిటరీవాడిలా నిటారుగా నిలబడి "ఓకే" అన్నాడు. సగం ఆట కాకముందే కాలు ఒక పక్కకీ మనిషి ఇంకో పక్కకీ తిరిగారు. మోసుకెళ్తుంటే జనం చప్పట్లు కొట్టారు, బయటికి పోతున్నాడని.

కార్ పార్కులో కోచ్‌ని పట్టుకున్నాను. "అడిగాను కదా, మేట్! నో అంటే కూర్చోబెట్టేవాణ్ణి. బెంచీ మీద ఇద్దరున్నారు. నాకేం పోయింది?" అన్నాడు. పాపం, అబద్ధం కాదు. అందుకే ఆ కోచ్‌ని తిట్టుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

తరవాతి సీజన్‌కి ఆయన చొక్కా ఇంకెవరో తొడుక్కున్నారు. మనవాడు ఒంటికాలి మీద బరువేసి కోళ్లు కోస్తూ ఉండిపోయాడు. "ఏమయ్యా కొంగా!" అనేవాణ్ణి. నవ్వి, గోడ పట్టుకుని, అయినా నాకోసం లేచేవాడు.

ఈ ఏడాది కడుపులో నొప్పి. మనిషి సగమయ్యేదాకా ఎవరికీ తెలియదు. డాక్టర్లు క్యాన్సర్ లోపలంతా పాకిందన్నాక మా ఆవిడ ఏడుస్తూ కసిరింది. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదా?"

"అడిగారు సిస్టర్. ఓకే అన్నాను."

పోయిన వారం ఆసుపత్రికి చూడ్డానికి వెళ్తే, మంచం మీద నుంచి లేవబోయాడు.

"పడుకో. పెద్దవాణ్ణి చెప్తున్నా."

పడుకుని నా బట్టతల వైపు చాలాసేపు చూశాడు. "నువ్వు నాకంటే ఏడాది చిన్న. మొదటి నెలలోనే సిస్టర్ చెప్పింది."

నా చెయ్యి బట్టతల మీదికి పోయింది. "మరి ఇన్నేళ్లూ ఎందుకు లేచావయ్యా?"

"ఈ దేశంలో నాకు అన్న లేడు" అన్నాడు. నా కుర్చీ వైపు చూసి, "ఇప్పుడు నువ్వు లే" అన్నాడు.

లేచాను.

"నీళ్లు."

గ్లాసు ఒంటి చేత్తో ఇచ్చాను. తీసుకోకుండా నా రెండో చేతివైపు చూశాడు. ఆ చెయ్యి కూడా కలిపాను. అప్పుడు తాగాడు. తాగి, దుప్పట్లోంచి ఆ కాలు మెల్లగా బయటికి తీసి, నేను ఖాళీ చేసిన కుర్చీలో పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, మోకాలు నొప్పి" అన్నాడు.

మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. కాలు కుర్చీలోనే ఉంది. నేను నిలబడే ఉన్నాను.